ముద్ర లేని చీర – కిమోనో పక్కన పెట్టి చూస్తే

ఈ మధ్య మన కుటుంబాల్లో వస్తున్న పెళ్ళి శుభలేఖల్లో ఒక కొత్త అలవాటు కనబడుతున్నది. వినాయకుడి బొమ్మకు కాస్త దిగువన, వధువు పేరులోని మొదటి అక్షరాన్నీ వరుడి పేరులోని మొదటి అక్షరాన్నీ పెనవేసి, చుట్టూ ఒక పూలతీగ చుట్టి, గుండ్రని గుర్తు వేస్తున్నారు. అదే గుర్తు తాంబూలం సంచుల మీదకీ, మంటపం తెర మీదకీ, ఒక్కొక్కప్పుడు మగ్గం పనితో పెళ్ళికూతురి జాకెట్టు వీపు మీదకీ ఎక్కుతున్నది. జపాను వారి లాంఛనపు కిమోనోకి వీపు మీద, సరిగ్గా మెడ కింద, ఇంటి ముద్ర ఉంటుందని తెలిసినవారు ఇది చూసి, “మన పూర్వులకూ ఇట్లాంటి వంశచిహ్నాలు ఉండేవా? ఉంటే ఏమయ్యాయి?” అని అడుగుతున్నారు.

అడగదగిన ప్రశ్నే. పరదేశంలో పిల్లల్ని పెంచుకునేవారికి ‘మనది’ అని వేలుపెట్టి చూపగల వస్తువు మీద మమకారం కలగడం సహజం. అయితే లేనిదాన్ని ఉండేదని చెప్పుకోవడం వల్ల ఉన్నది మరుగున పడుతుంది. అందుచేత ఈ వ్యాసంలో మేము రెండు సంగతులు పరిశీలించదలచాము. జపాను బట్ట మీద ముద్ర ఏ పని చేస్తుంది? ఆ పనిని మన దగ్గర ఏది చేస్తుంది?

ముందు ముద్ర సంగతి. దుఖాన్ నుంచి దోహా వెళ్ళే రహదారి మీద రోజూ మన కళ్ళబడే జపాను ఇంటి ముద్ర ఒకటి ఉన్నది. మిత్సుబిషి కారు ముందు భాగాన కనిపించే మూడు వజ్రాలు ఊరికే గీసిన గీతలు కావు. ఇవాసాకి యతారో 1870లో ప్రారంభించిన ఓడల వ్యాపారం అది. ఇవాసాకి ఇంటి ముద్ర ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు వజ్రాకారాలు. అతడు కొలువు చేసిన తోసా ప్రాంతపు ప్రభువులు యమౌచి వారి ముద్ర మూడు ఓక్ ఆకులు. ఆ రెండూ కలిసి ఈ గుర్తు అయింది. జపాను పాస్‌పోర్టు అట్ట మీద ఉండే పదహారు రేకుల చేమంతి కూడా చక్రవర్తి ఇంటి ముద్రకు దగ్గరి బంధువే. ఈ ముద్రలను వారు ‘కామోన్’ అంటారు. మొదట రాజాస్థానంలోని పెద్దలు తమ ఎద్దుబండ్ల మీదా దుస్తుల మీదా వేసుకున్నారు; తరువాత యోధులు యుద్ధంలో తమవారెవరో పోల్చుకోవడానికి జెండాల మీద వేసుకున్నారు; ఎదో కాలానికి, అంటే 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం నడుమ దాకా, వర్తకులకూ సామాన్యులకూ కూడా ఇవి వాడుకలోకి వచ్చాయి.

సామాన్యుల దాకా రావడంలో ఒక మెలిక ఉన్నది. ఆ రోజుల్లో జపానులో సామాన్యుడు ఇంటిపేరు బాహాటంగా చెప్పుకోవడానికి వీలు లేదు. 1870లో దానికి అనుమతి వచ్చింది. 1875లో ప్రతివారికీ ఇంటిపేరు తప్పనిసరి చేశారు. ముద్ర వేసుకోవడానికి మాత్రం, తొకుగావా వారి మూడాకుల గుర్తు వంటివి తప్పిస్తే, అంత అడ్డు ఉండేది కాదు. అంటే నోటితో చెప్పరాని ఇంటిపేరును బట్ట మీద బొమ్మగా చెప్పుకున్న కుటుంబాలు ఎన్నో ఉండేవన్నమాట. మన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

ఇక ఆ ముద్ర బట్ట మీద ఎక్కడ ఉండాలి, ఎన్ని ఉండాలి అన్నదానికి వారికి నికరమైన లెక్క ఉన్నది. అత్యంత లాంఛనమైన దుస్తుకు అయిదు ముద్రలు: వీపు నడుమ మెడ కింద ఒకటి, రెండు చేతుల వెనక ఒక్కొక్కటి, రొమ్ము మీద రెండు పక్కలా ఒక్కొక్కటి. కొంచెం తగ్గితే మూడు: వీపు మీదా చేతుల వెనకా. ఇంకా తగ్గితే వీపు మీద ఒక్కటే. రంగు వేసేటప్పుడే ఆ చోటును తెల్లగా వదిలి, అందులో గుర్తును దిద్దుతారు.

పెళ్ళిలో వధూవరుల తల్లులు కట్టుకునేది ‘కురోతొమెసొదె’ అనే నల్లని కిమోనో. దానికి అయిదు ముద్రలు ఉంటాయి. పువ్వులూ పక్షులూ వంటి అల్లిక నడుము నుంచి దిగువకే ఉంటుంది, పైభాగమంతా ఒట్టి నలుపు. ఎవరైనా పోయినప్పుడు దగ్గరి బంధువులు కట్టుకునే ‘మోఫుకు’ కూడా నల్లనిదే. దానికీ అవే అయిదు ముద్రలు. దిగువన అల్లిక మాత్రం ఉండదు. రెండూ పక్కపక్కన పరిస్తే, ఇల్లు ఒకటే, రంగు ఒకటే, ముద్రలూ అవే. అంచున పూలు ఉంటే పెళ్ళి, లేకపోతే చావు. అంటే ఆ బట్ట మీద రెండు గొంతులు ఉన్నాయి. ముద్ర ‘ఎవరి ఇల్లు’ అన్నది చెబుతుంది. అల్లిక ‘ఏ సందర్భం’ అన్నది చెబుతుంది.

ఆ అల్లికలకు అర్థాలు కూడా చాలావరకు స్థిరపడినవే. కొంగకు వెయ్యేళ్ళు, తాబేటికి పదివేల ఏళ్ళు ఆయుష్షని వారి నమ్మకం. కనుక అవి దీర్ఘాయువుకు గుర్తు. దేవదారు జాతి చెట్టు, వెదురు, ప్లమ్ పువ్వు – ఈ మూడూ చలికాలాన్ని ఓర్చుకునేవి కనుక శుభకార్యాలకు కలిపి వాడతారు. జనపమొక్క నిటారుగా త్వరగా ఎదుగుతుంది కాబట్టి దాని ఆకు నమూనాను పసిపిల్లల బట్టలకు వేస్తారు. ఋతువుకు సంబంధించిన పువ్వును ఆ పువ్వు పూయడానికి కాస్త ముందుగా కట్టుకోవడం సంస్కారమని వారు ఎంచుతారు. పెళ్ళికాని పిల్లలకు దాదాపు చీలమండల దాకా వేలాడే చేతులున్న ‘ఫురిసొదె’. పెళ్ళయితే చేతులు పొట్టివవుతాయి.

దీన్ని చూసి ముచ్చటపడని వారుండరు. కాని ముచ్చటలో పడి ఒక సంగతి మరచిపోరాదు. నేటి జపానులో లాంఛనపు కిమోనోలను అద్దెకు తెచ్చుకునేవారు చాలామంది. అద్దె దుకాణంవారు ప్రతి ఇంటి ముద్రతోనూ కిమోనోలు పెట్టుకోలేరు గదా! అందుకని ఎవరు వేసుకున్నా ఆక్షేపణ లేని ఒక సామాన్య ముద్రను, పావులోనియా ఆకుల గుర్తు వంటిదాన్ని, వేసి ఉంచుతారు. ముద్ర ఉండవలసిన చోట ముద్ర ఉంటుంది; ఇల్లు మాత్రం ఉండదు. గుర్తు మిగిలి గుర్తింపు జారిపోవడం అంటే ఇదే. మన శుభలేఖల మీది జంట అక్షరాలు కూడా ఈ కోవలోకే వస్తాయి కాబోలు. వాటిలో వధూవరుల పేర్లున్నాయి గాని, ఏ ఇంటి ఆడపడుచు ఏ ఇంటి కోడలవుతున్నదో ఆ గుర్తు చెప్పదు.

ఇక మన సంగతి. తెలుగుదేశంలో రాజులకు లాంఛనాలు ఉండేవి. చాళుక్యులది వరాహం. విజయనగర రాజులదీ వరాహమే. పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. అవి రాగిరేకుల ముద్రల మీద, నాణేల మీద, కోటగోడల మీద కనిపిస్తాయి. ‘వరహా’ అన్న నాణెం పేరే ఆ గుర్తు నుంచి వచ్చింది. కాని అవి ప్రభుత్వపు గుర్తులు. గృహస్థు తన పంచె మీద వేసుకున్నవి కావు. గృహస్థుకు ఆ అవసరం ఎందుకు కలగలేదు? అతడి ఇల్లు అతడి పేరుకు ముందే నడుస్తున్నది కనుక. జపాను సామాన్యుడికి 1870 దాకా బాహాటంగా దొరకని హక్కు తెలుగు రైతుకు పుట్టుకతోనే ఉన్నది. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళ పేర్లే. ఎన్ని తరాల కిందటో వదిలివచ్చిన ఊరు, ఇప్పుడు ఎవరికీ దారి తెలియని ఊరు, పేరు ముందు అట్లాగే నిలిచి ఉంటుంది. ఇక శాస్త్రోక్తంగా జరిగే పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు గోత్రమూ, ఋషులూ, ముత్తాత, తాత, తండ్రి పేర్లూ సభలో అందరూ వినేటట్లు చదువుతారు. జపాను తల్లి కిమోనో మీద అయిదు చోట్ల తెల్లగా కనిపించేది, మన పెళ్ళిలో పురోహితుడి నోట వినిపిస్తుంది. వారు కంటికి చూపినదాన్ని మనం చెవికి చెప్పాము.

బట్ట మీద కూడా మాటనే నమ్మిన జాతి మనది. శ్రీకాళహస్తి కలంకారీ గుడితెరలు చూడండి. రామాయణ భారత కథలను వరుసలు వరుసలుగా కలంతో గీసి, ఒక్కొక్క ఘట్టానికి తెలుగులో పేరు రాస్తారు. బొమ్మ చాలదన్నట్టు అక్షరం తోడు వస్తుంది. ముద్రను చూసి అర్థం చేసుకోండి అని వదిలేసే పద్ధతి మనకు నచ్చలేదనుకోవాలి.

మనకు ఆశ్రయమిచ్చిన ఈ దేశం సంగతి కూడా ఇక్కడ తలచుకోవడం న్యాయం. అరబ్బు ఎడారి తెగలకు ‘వస్మ్’ అనే గుర్తులు ఉన్నాయి. ఒక గీత, ఒక సున్న, ఒక కొక్కెం వంటి ఆ గుర్తును ఒంటె ఒంటి మీద కాల్చి వేస్తారు. గుర్తు ఆకారమే కాక, అది మెడ మీద ఉన్నదా, తొడ మీద ఉన్నదా, చెంప మీద ఉన్నదా అన్నదీ లెక్కే. కిమోనో మీద ముద్రలకు చోట్లు నిర్ణయించినట్టే ఇదీ. కాని అది సొత్తు మీద వేసే గుర్తు. మనిషి దుస్తుల మీదకు రాదు. ఇక్కడి పెద్దలు లాంఛనానికి తెల్లని అంగీ మీద ‘బిష్ట్’ అనే పల్చని పైవస్త్రం వేసుకుంటారు. 2022 డిసెంబరు 18న లుసైల్ మైదానంలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు అందించేటప్పుడు ఖతార్ అమీరు గారు అర్జెంటీనా నాయకుడు మెస్సీకి కప్పినది అదే. దాని గౌరవమంతా ఎక్కడ ఉన్నది? అంచున ఉన్న బంగారు జరీలో. ఇంటి ముద్ర ఏదీ లేదు. ఈ విషయంలో అరబ్బులకూ మనకూ దగ్గరి పోలిక ఉన్నది. మన బట్ట కూడా అంచుతోనే మాట్లాడుతుంది.

గద్వాల చీరను తీసుకోండి. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ వేరువేరుగా ఉన్నా, నేతలోనే ఒకదానిలో ఒకటి కొక్కెం వేసినట్టు కలిపేస్తారు. ఆ అంచు మీద కోట బురుజుల వరుసలా పైకి లేచే నమూనాను కోటకొమ్మ అంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి ఏటా స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్ళడం గద్వాల సంస్థానపు రోజుల నుంచి వస్తున్న ఆచారం. సంస్థానాలు పోయాయి, ఆచారం పోలేదు. ‘ఇవి ఫలానా వారు పంపినవి’ అన్నది లోకానికి మాటగానే తెలుసు.

పెళ్ళిలో మధుపర్కాలు చూడండి. తెల్లని నూలుబట్ట, ఎర్రని అంచు, పసుపు తడి. కోటీశ్వరుడి కూతురికైనా, కూలివాడి కూతురికైనా ఆ బట్ట ఇంచుమించు ఒకటే. ఇల్లు ఏదో చెప్పకపోవడంలోనే దాని అందం. ‘వీళ్ళిద్దరూ ఇప్పుడు వధూవరులు’ అన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది.

అయితే గుర్తులన్నీ మంచికే అనుకోవడం పొరపాటు. పెళ్ళికి అంచు ఇచ్చిన సమాజమే భర్త పోయిన స్త్రీ చీర నుంచి అంచు రంగును తీసేసింది. జపాను మోఫుకులో పువ్వులు తీసేసేది ఆడవారికే కాదు. ఆ దుఃఖానికి గడువు ఉన్నది. సంతాపం ముగిశాక మళ్ళీ పువ్వుల కిమోనో కట్టుకుంటారు. మన దగ్గర ఎన్నో కుటుంబాల్లో అది బతికినంతకాలం ఉండే శిక్ష అయింది. ఆ ఆచారం సడలినందుకు విచారించవలసిన పని లేదు. పాత గుర్తుల్ని ప్రేమించేవారు ఈ పేజీని చింపేసి మిగతా పుస్తకం చదవరాదని మా మనవి.

‘కట్టును బట్టి, బొట్టును బట్టి మనిషిని పోల్చలేదా మనం? గోచీ పోసి కట్టడం, నామం, విభూతి, లంబాడీ స్త్రీల అద్దాల రవికె – ఇవి గుర్తులు కావా?’ అని ఎవరైనా అడగవచ్చు. అవును, గుర్తులే. కాని అవి కులాన్నో, మతశాఖనో, తండానో చెప్పేవి. ఒకే తండాలోని రెండు కుటుంబాలను ఆ అద్దాలు వేరు చేసి చూపవు. కామోన్ చేసేది సరిగ్గా ఆ పని. కనుక ‘తెలుగువారి బట్టకు ఇంటి ముద్ర లేదు’ అన్న మాటకు ఇవి అడ్డురావు.

మరి బట్ట మీద వేసే బొమ్మకు అర్థం ఉండదా? ఈ ప్రశ్నకు తేలియా రుమాలు కంటే మంచి పరీక్ష లేదు. ఇది చీరాల బట్ట. నూలును ఆముదపు కాయల బూడిద, నూనె, గొర్రె పెంట కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెడతారు. అందువల్ల ఎరుపు రంగు నూలులోకి లోతుగా దిగుతుంది. బట్టకు నూనె వాసనా ఒక మెత్తదనమూ అంటుకుంటాయి. తేలియా అన్న పేరు ఆ నూనె వల్ల వచ్చిందే. తరువాత పడుగు నూలునూ పేక నూలునూ కూడా నమూనా ప్రకారం ముడులు వేసి రంగులో ముంచి, నేసేటప్పుడు ఆ రెండూ సరిగ్గా ఒకచోట కలిసేటట్టు నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, నలుచదరపు రుమాలు. మన కంటే ఎంతో ముందే ఈ బట్ట అరబ్బు దేశాలకు వలస వచ్చింది. ఎండకూ దుమ్ముకూ తలకు చుట్టుకోవడానికి, నడుముకు కట్టుకోవడానికి అరబ్బులు దీన్ని వాడారు. ఆసియా రుమాల్ అన్న పేరూ దీనికి ఉన్నది.

ఇదే బట్ట చీరాలలో సరుకు. అరేబియా తీరంలో జాలరి తలపాగా. హైదరాబాదులో పెద్దింటి స్త్రీల దుపట్టా. 20వ శతాబ్దంలో దీని మీద గడియారాలు, విమానాలు, సింహాలు కూడా నేశారు. గడియారం కాలానికి సంకేతమా? విమానం మోక్షానికి సంకేతమా? కావు. కొనేవారికి అవి కొత్త వింతలు. నేసేవాడికి అవి తన చేతివాటానికి పరీక్షలు. వంకర గీతనే ఒప్పుకోని ముడినేతలో గుండ్రని గడియారాన్ని నిలబెట్టడం మాటలు కాదు. ఇప్పుడు దుకాణాల్లో చీరకు కట్టే అట్టముక్కల మీద ‘ఏనుగు ఐశ్వర్యం, చిలుక ప్రేమ, నెమలి అందం’ అని పట్టికలు అచ్చువేసి ఇస్తున్నారు. వాటిలో కొన్ని కావ్యాల్లో ఉన్నవే. కాని నేతగాడు ప్రతి చిలుకనూ ఆ అర్థంతో నేశాడనడానికి ఆధారం అట్టముక్క ఒక్కటే. కిమోనో అల్లికలకు ఉన్న కట్టుబాటును తెచ్చి మన చీరకు అంటించడం చీరకు మర్యాద కాదు.

బట్టకు అర్థాన్ని కట్టుకునేవారే ఇస్తారు అనడానికి ఒక విచిత్రమైన సాక్ష్యం ఆఫ్రికాలో ఉన్నది. చీరాల పరిసరాల్లోనూ తమిళనాడులోనూ నేసిన గళ్ళబట్ట ‘రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్’ అన్న పేరుతో పశ్చిమాఫ్రికాకు వెళ్ళేది. నైజీరియాలో నైజర్ నది ముఖద్వారాల దగ్గర ఉండే కలబారి జనం దాన్ని ‘ఇంజిరి’ అన్నారు. ఆ గళ్ళలోని కొన్ని దారాల్ని కత్తితో కోసి, పీకి, కొత్త నమూనాలు పుట్టించారు. అది తమ బట్టే అయింది. ఆ కుటుంబాలు తరతరాల బట్టలను పెట్టెల్లో దాచి, పెద్దవారు పోయినప్పుడు ఆ ఇంటి మంచాన్ని వాటితో అలంకరిస్తారు. వారి ఇంటి గౌరవం ఆ పెట్టెలో ఉన్నది. మన నేతగాడు ఏ వంశాన్నీ ఉద్దేశించకుండా నేసిన గళ్ళు, సముద్రం దాటి వెళ్ళి మరొకరికి వంశచిహ్నం అయ్యాయి! జపానుకూ మన బట్ట వెళ్ళింది. పోర్చుగీసు, డచ్చి ఓడల్లో కోరమండలం తీరపు అద్దకపు బట్టలు చేరితే, వాటిని ‘సరస’ అని పిలిచి, చిన్న ముక్కను కూడా పారవేయకుండా తేనీటి పాత్రలకు సంచులుగా కుట్టుకుని దాచారు. తమ ముద్ర వేయలేదు. మన బట్ట పేరు చెప్పి దాచుకున్నారు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ‘మన బట్టకు ఇంటితో సంబంధమే లేదా?’ అన్న సందేహం రావచ్చు. ఉన్నది, చాలా గట్టి సంబంధమే ఉన్నది. అసలు మాట ఇక్కడే చెప్పాలి. జపానులో పడమటి ప్రాంతంలో ‘ఒన్నామోన్’ అని స్త్రీల ముద్ర ఒకటి ఉన్నది. అది భర్త ఇంటిది కాదు. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనమరాలికి వస్తుంది. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళినా ఆ స్త్రీ తన తల్లి ముద్రను వీపు మీద మోసుకుపోతుంది. మనకు ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చింది. ప్రవరలో చదివే మూడు తరాలూ మగవారివే. అమ్మమ్మ ఇంటిపేరు చెప్పమంటే మన పిల్లలు చాలామంది తెల్లముఖం వేస్తారు. ఆ తల్లి వరుసను ఏది మోస్తున్నది? చీర మోస్తున్నది. పుట్టింటివారు పెట్టిన పట్టుచీర, ఒడిబియ్యం చీర, తల్లి పెళ్ళినాటి చీరను కూతురు సీమంతానికి కట్టుకోవడం – ఇవన్నీ ఆ వరుసే. దాని మీద ఏ ముద్రా లేదు. అది ఎవరిదో చెప్పేది, పెట్టె తెరిచినప్పుడు పక్కన కూర్చున్న మనిషి. “ఇది మీ అమ్మమ్మకు ఆమె అన్నగారు వెంకటగిరి నుంచి తెచ్చినది” అన్న ఒక్క వాక్యమే దాని ముద్ర.

అందువల్లే మనకు ప్రమాదం జపాను వారికంటే ఎక్కువ. ముద్ర బట్టలో అద్దకమై ఉంటే, చెప్పేవారు లేకపోయినా నూరేళ్ళ తరువాత ఎవరైనా చదువుకోవచ్చు. మాట చెప్పేవారితో పాటే పోతుంది. పరదేశంలో ఉన్నవారికి ఈ రెండు దారులూ సన్నబడుతున్నాయి. ఇంటిపేరును పాస్‌పోర్టు కాగితాల కోసం పేరు చివరకు జరిపాము. కొందరం ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కుదించాము. కొందరి పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరుగా రాయించాము. చీర సంగతి అంతకంటే ఘోరం. సెలవులకు వెళ్ళినప్పుడు సంచి బరువు చూసుకుని పాత చీరలను అక్కడే వదిలివస్తాము. కథను అయినా తెచ్చుకున్నామా అంటే, దానికి బరువు లేకపోయినా, తెచ్చుకోలేదు.

ఇంకొక మాట కూడా ఉన్నది. మన చీర మీద నిజంగా సంతకం ఉండవలసింది కట్టుకునేవారిది కాదు, నేసినవారిది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనూ, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లోనూ భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ ముడినేతను తరతరాలుగా నిలబెట్టిన పుట్టపాక నేతగాడు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. జపాను బట్టకు ఇల్లు ముద్ర అయితే, మన బట్టకు ఊరు ముద్ర: గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ, ధర్మవరం, మంగళగిరి, నారాయణపేట, పోచంపల్లి. చీరను ఊరి పేరుతో పిలిచే అలవాటు ఊరికే రాలేదు. మన ఇంటిపేర్లలోనూ ఊళ్ళే, మన చీరల పేర్లలోనూ ఊళ్ళే!

ఆ ఊరి పేరును ఇవాళ యంత్రపు అచ్చుబట్ట దొంగిలిస్తున్నది. పోచంపల్లి నమూనాను కృత్రిమపు దారం మీద అచ్చువేసి, అదే పేరుతో అమ్ముతున్నారు. పోల్చుకోవడం కష్టం కాదు. బట్టను తిరగేసి చూడండి. ముడినేతలో నూలుకే రంగు ఉంటుంది కనుక బొమ్మ రెండు వైపులా ఒకటిగా ఉంటుంది. అచ్చుబట్టకు వెనక వెలవెలపోతుంది. ముడినేతలో బొమ్మ అంచు కొంచెం కదిలినట్టు, పక్షి ఈకలా విచ్చుకున్నట్టు ఉంటుంది. అచ్చుబట్టలో గీత గీసినట్టు ఉంటుంది. ఆ కదలిక లోపమని కొందరు ముఖం చిట్లిస్తారు. ముడి వేసిన చెయ్యి మనిషిదేనని చెప్పే గుర్తు అది. అచ్చుబట్ట కట్టుకోవడం నేరమని మేము అనము. ఎవరి స్తోమత వారిది. పేరు మాత్రం సరిగ్గా చెప్పుకుందాము. అచ్చుచీరను అచ్చుచీర అని, నేతచీరను ఊరి పేరుతో అందాము.

శుభలేఖల మీది జంట అక్షరాలను కూడా మేము నిరసించడం లేదు. ముచ్చటపడి వేసుకున్నదాన్ని వేసుకోనివ్వండి. దాని పక్కన రెండు ఇంటిపేర్లను పూర్తిగా, తెలుగులో, పొల్లు పోకుండా రాయించండి. వధువు తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తే ప్రపంచం మునిగిపోదు. పెళ్ళికూతురు కట్టుకున్న చీర ఏ ఊరిదో, అంచు పేరేమిటో, ఎవరు పెట్టారో, ఏ సంవత్సరమో ఒక చిన్న కాగితం మీద రాసి, పెట్టెలో ఆ చీర మడతలోనే పెట్టండి. బట్టకు మరక అంటకుండా సిరా బదులు పెన్సిలుతో రాయడం మంచిది. పాత చీరలకు కూడా, చెప్పగలవారు ఉండగానే, ఆ పని చేయండి.

అంచుల పేర్లు ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క రకంగా ఉంటాయి. కోటకొమ్మ, రుద్రాక్ష, గుడి అంచు వంటివి అందరికీ తెలిసినవే. తెలియనివి మరెన్నో ఉంటాయి. పాఠకులు తమ ఇంట్లో తల్లులూ అమ్మమ్మలూ నాయనమ్మలూ అంచులకూ కొంగులకూ వాడిన పేర్లను, వీలైతే ఊరితో సహా, రాసి పంపవలసిందిగా కోరుతున్నాము. అన్నిటినీ ఒక పట్టికగా కూర్చి వచ్చే సంచికలో వేద్దాము. ఫోనులో అమ్మను అడిగేటప్పుడు ఆ చీర ఎవరిదని కూడా అడగడం మరచిపోకండి.